1966 డ్రమ్ అన్నారు, లివర్ మాత్రం 70ల నాటిది: పాత లుడ్విగ్ కొనేముందు ఏం చూడాలి?

రీఫర్బిష్డ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ఐఎంఈఐ చూస్తాం, బాక్స్ మీద నంబర్‌తో పోలుస్తాం, సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లే, బ్యాటరీ ఒరిజినలేనా అని చెక్ చేస్తాం. ఇంత తెలిసిన నేనే పోయినేడాది 650 డాలర్లు పెట్టి పాత డ్రమ్ కొన్నప్పుడు బ్యాడ్జ్ ఒక్కటి చూసి డబ్బులిచ్చేశా.

బీటెక్‌లో కాలేజీ ఫెస్ట్‌లకి డ్రమ్స్ వాయించేవాణ్ణి. ఇప్పుడు షికాగో దగ్గర ఉద్యోగం. లుడ్విగ్ డ్రమ్స్ తయారైన పాత ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే, డామెన్ అవెన్యూలో ఉండేది. ఇక్కడ ఉంటూ 60ల నాటి సుప్రాఫోనిక్ 400 స్నేర్ కొనకపోతే ఎలా అని బోనస్ రాగానే వెతకడం మొదలుపెట్టా. '1966, ఆల్ ఒరిజినల్' అనే యాడ్ కనిపించింది. 14×5 అంగుళాలు, పది ఇంపీరియల్ లగ్స్, కీస్టోన్ బ్యాడ్జ్, దాని మీద సీరియల్ నంబర్. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "పాత డప్పుకి అంత డబ్బా నాన్నా?" అంది. అప్పుడు నవ్వా.

రెండు వారాల తర్వాత మాతో జామ్ చేసే ఒక సీనియర్ అన్న దాన్ని చేతిలోకి తీసుకుని, "తమ్ముడూ, స్ట్రెయినర్ పి-85 కదా ఇది" అన్నాడు. స్ట్రెయినర్ అంటే స్నేర్ వైర్లని బిగించి వదిలే లివర్ మెకానిజం. 60ల సుప్రాఫోనిక్ మీద ఉండాల్సింది పి-83. పి-85 డెబ్భైల పార్ట్. రెండింటి ఫొటోలు పక్కపక్కన పెడితే పదేళ్ల పిల్లాడు కూడా తేడా చెప్పేస్తాడు. నేను పెట్టి చూడలేదు, అంతే. ఫోన్ కెమెరా మాక్రో మోడ్‌లో పెట్టి చూస్తే ఇంకో విషయం బయటపడింది. లివర్ చుట్టూ క్రోమ్ మీద సన్నటి మురికి గీత ఉంది. దాని ఆకారం ఇప్పుడున్న లివర్‌ది కాదు, ముందున్న వేరే పార్ట్‌ది!

ఇందులో అమ్మినాయన మోసం ఉందని నేను అనుకోవట్లేదు. డ్రమ్‌లో రోజూ కదిలే పార్ట్ స్ట్రెయినర్. ఫోన్‌లో ఛార్జింగ్ పోర్ట్ లాంటిది, ముందు పోయేది అదే. ఎప్పుడో ఎవరో మార్చి ఉంటారు, ఆయనకి అలాగే వచ్చి ఉంటుంది. కానీ 'ఆల్ ఒరిజినల్' అనే మాటకి నేను కట్టిన రేటు మాత్రం తిరిగి రాదు.

ఆ దెబ్బతో కూర్చుని నేర్చుకున్నా. మొదటి పాఠం బ్యాడ్జ్ గురించే. లుడ్విగ్ 60వ దశకంలో కీస్టోన్ బ్యాడ్జ్ వాడింది. సీరియల్ నంబర్లు వేయడం ఆ దశకం మధ్యకొస్తుండగా మొదలైంది. 1969 ప్రాంతంలో బ్లూ-ఆలివ్ బ్యాడ్జ్ వచ్చింది. కాబట్టి బ్యాడ్జ్ చూస్తే కాలం స్థూలంగా తెలుస్తుంది. కానీ నంబర్ చూసి 'ఫలానా సంవత్సరం' అని ఒట్టేసి చెప్పలేం. ఫ్యాక్టరీలో బ్యాడ్జ్‌లని నంబర్ల వరుసలో వాడలేదు, డబ్బాలో చేతికి ఏది వస్తే అది కొట్టేశారు. పైగా ఇప్పుడు అచ్చం అలాంటి కొత్త బ్యాడ్జ్‌లు కూడా దొరుకుతున్నాయి. ఐఎంఈఐ స్టిక్కర్ మార్చినట్టే.

చెక్క షెల్ అయితే మన పని కొంచెం సులువు. ఆ కాలపు చాలా డ్రమ్స్ లోపలి గోడ మీద తయారీ తేదీ సిరా ముద్ర ఉంటుంది. హెడ్ విప్పి, టార్చ్ పక్క నుంచి వేసి ఫొటో తీసి, కాంట్రాస్ట్ పెంచితే చెరిగిపోయిన అంకెలు కూడా చాలాసార్లు కనిపిస్తాయి. సుప్రాఫోనిక్ లాంటి మెటల్ షెల్‌లో ఆ సౌకర్యం లేదు, పార్ట్స్‌నే చదవాలి. అయితే స్నేర్ కింది హెడ్ సన్నగా, పారదర్శకంగా ఉంటుంది. విప్పకుండానే ఫోన్ లైట్ వేసి లోపల స్క్రూలు చూడొచ్చు. అన్నీ మసకబారి, రెండు మాత్రం తళతళలాడుతున్నాయంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

మెటల్‌కి చిన్న అయస్కాంతం చాలు. లుడ్విగ్ హూప్స్ 60ల మొదట్లో క్రోమ్ పూసిన ఇత్తడివి, తర్వాత స్టీల్‌వి. స్టీల్‌కి అతుక్కుంటుంది, ఇత్తడికి అతుక్కోదు. ఒక హూప్ అతుక్కుని ఇంకోటి అతుక్కోకపోతే ఎందుకని అడగాల్సిందే. షెల్ విషయంలో మాత్రం ఈ ట్రిక్ పనిచేయదు. సుప్రాఫోనిక్ షెల్ తొలి రోజుల్లో ఇత్తడి, తర్వాత లుడాలాయ్ అనే అల్యూమినియం మిశ్రమం. రెండింటికీ అయస్కాంతం అంటదు. అక్కడ బరువే సాక్ష్యం, ఎందుకంటే ఇత్తడి సాంద్రత అల్యూమినియానికి మూడింతలకు పైనే. లగేజ్ తూకం కొక్కేనికి తగిలించి చూశా, నాది అల్యూమినియమే. క్రోమ్ మీద పొక్కుల్లాంటి మచ్చలు కూడా ఆ మాటే చెప్తాయి. లుడాలాయ్‌కి ఆ జబ్బు మామూలే.

నేను పడిన ఇంకో పొరపాటు, 'ఫిట్ అయ్యింది కాబట్టి ఒరిజినల్' అనుకోవడం. టెన్షన్ రాడ్ల మర 12-24, అంటే అంగుళానికి 24 చుట్లు. లుడ్విగ్, స్లింగర్‌లాండ్, గ్రెట్ష్ అన్నీ అదే కొలత. నిన్న తయారైన రాడ్ కూడా 1966 లగ్‌లోకి హాయిగా ఎక్కేస్తుంది. నా స్నేర్‌లో ఇరవై రాడ్లలో నాలుగింటి తల ఆకారం వేరు. కాలిపర్ అక్కర్లేదు, వరసగా టేబుల్ మీద పెడితే కంటికే తెలిసింది.

ప్లాస్టిక్ ర్యాప్ ఉన్న డ్రమ్స్‌లో ఇంకా మంచి సాక్ష్యం ఉంటుంది. రింగో స్టార్ వాయించిన బ్లాక్ ఆయిస్టర్ పెర్ల్ లాంటి ర్యాప్ ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది. ఒక్క లగ్ విప్పితే దాని కింద వెలుతురు తగలని చోట పాత రంగు అలాగే ఉంటుంది. ఆ నీడ ఆకారం, లగ్ అడుగు ఆకారం ఒకటైతే ఆ లగ్ దశాబ్దాలుగా అక్కడే ఉందన్నమాట. పక్కకి జరిగినట్టుంటే అనుమానించాలి. దీన్ని నకిలీ చేయడం అంత తేలిక కాదు. అందుకే నా దృష్టిలో బ్యాడ్జ్ కంటే ఇదే నమ్మదగ్గ పరీక్ష.

అన్నట్టు రింగో సంగతి వచ్చింది కాబట్టి ఒక తమాషా. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సల్లివన్ షోలో బీటిల్స్‌ని దాదాపు 7.3 కోట్ల మంది చూశారు. ఆ దెబ్బకి లుడ్విగ్ ఆర్డర్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. కానీ బీటిల్స్ రోజుల్లో ఆయన లుడ్విగ్ కిట్ల మీద టామ్‌ని పట్టుకున్న స్టాండ్ లుడ్విగ్‌ది కాదు, పోటీ కంపెనీ రోజర్స్ తయారుచేసిన స్వివ్-ఓ-మాటిక్. అంటే బీటిల్స్ కాపీ కిట్ కట్టేవాళ్లకి ఫ్యాక్టరీ ఒరిజినల్ మౌంట్ ఉంటేనే తప్పు! అందుకే ఫ్యాక్టరీ ఒరిజినల్ వేరు, పీరియడ్ కరెక్ట్ వేరు. ఆ డ్రమ్‌తో పుట్టిన పార్ట్ మొదటిది. ఆ కాలానికి సరిపోయే పార్ట్ రెండోది.

ఈ తేడా నాకు మొన్న అసలైన చిక్కు తెచ్చిపెట్టింది. పాత డ్రమ్ పార్ట్స్ అమ్మే ఒకాయన దగ్గర 60ల నాటి పి-83 దొరికింది. బిగించా. ఇప్పుడు నా స్నేర్‌ని చూసి ఎవరూ వంక పెట్టలేరు. ఈలోగా ఇల్లు మారాల్సి రావడంతో అమ్మేద్దామనుకున్నా. 'ఆల్ ఒరిజినల్' అని రాస్తే పెట్టిన 650 వెనక్కి వచ్చేస్తుంది, మురికి గీత కూడా ఇప్పుడు లివర్‌కి సరిగ్గా సరిపోయింది. రెండు రాత్రులు ఆ డ్రాఫ్ట్ సేవ్ చేసి పెట్టుకున్నా.

చివరికి పోస్ట్ చేసింది ఇది: "60ల సుప్రాఫోనిక్ 400. షెల్, లగ్స్, బ్యాడ్జ్ ఒరిజినల్. స్ట్రెయినర్ పీరియడ్ కరెక్ట్, నేను మార్చాను. నాలుగు టెన్షన్ రాడ్లు కొత్తవి. పాత పి-85 కూడా ఇస్తాను." 520కి పోయింది. కొన్నతను ఇంటికొచ్చి మొదట అడిగింది టార్చ్ ఉందా అని.