సముద్ర శాస్త్రము

సముద్రమును మన పూర్వులు రత్నాకరమనిరి. ఆ రత్నములకంటె విలువగలది సముద్రమును గూర్చిన జ్ఞానము.

ఈ శాస్త్రమునకు మన దేశమున తొలి నెలవులలో విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఒకటి. 1952వ సంవత్సరమున లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అచటికి ఆచార్యుడుగా వచ్చి, బంగాళాఖాతపు నీటి వేడిమిని, ఉప్పదనమును, ప్రవాహములను కొలుచు పరిశోధనలను సాగించెను.

అట్టి పరిశోధనలలో తెలియవచ్చిన వింత యొకటి వినుడు. నైరుతి గాలి మన తీరము వెంబడి వీచునపుడు, భూభ్రమణము వలన పైనీరు గాలికి కుడివైపునకు, అనగా తీరమునుండి దూరముగా జరుగును. ఆ లోటును పూరించుటకు అడుగుననున్న చల్లని నీరు పైకి వచ్చును. దానితో పోషక లవణములును వచ్చును. వానివలన కంటికి కానరాని వృక్షజాతులు పెరుగును. వానిని తినుటకు చిన్న జీవులును, ఆ జీవులకై చేపలును చేరును. కావున నీటి వేడిమి నెరిగినవాడు చేపల తావును ఊహింపగలడు. సముద్రమునకు దూరమైన హైదరాబాదులో 1999వ సంవత్సరమున వెలసిన మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, ఉపగ్రహములు చూపిన వేడిమిని, నీటి రంగును బట్టి అట్టి తావులను జాలరులకు తెలుపుచున్నది.

ఈ శాస్త్రమునకు ముఖ్యశాఖలు నాలుగు. అలలను, ప్రవాహములను భౌతికశాఖయు, నీటిలోని ద్రవ్యములను రసాయనశాఖయు, ప్రాణులను జీవశాఖయు, సముద్రపు అడుగునేలను భూగర్భశాఖయు విచారించును. డిగ్రీలో విజ్ఞానశాస్త్రమును చదివినవారు ఎమ్మెస్సీలో తమకు తగిన శాఖను ఎన్నుకొందురు. గణితమున శ్రద్ధ లేనివారికి భౌతికశాఖ కొరుకుడు పడదు.

ఈ విద్య ప్రాణరక్షణకును ఉపకరించును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది జనులు మరణించిరి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు మన తీరవాసులను ముందుగా హెచ్చరించు కేంద్రము లేదు. 2007లో హైదరాబాదున అట్టి కేంద్రమును నెలకొల్పిరి. సముద్రపు అడుగున నుంచిన యంత్రము పైనున్న నీటి బరువులో కలుగు స్వల్ప భేదమును గుర్తించి, నీటిపై తేలు బోయాకు తెలుపును. బోయా ఉపగ్రహము ద్వారా ఆ వార్తను కేంద్రమునకు పంపును.

ఈ విద్య నభ్యసించినవారు 1966లో స్థాపింపబడి, గోవాయందు నెలకొనియున్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలోను, మత్స్య పరిశోధనాలయములలోను, వాతావరణ శాఖలోను, రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రములలోను, కళాశాలలలోను పనిచేయవచ్చును. ఉద్యోగములు కొలదిగానే యుండును. ఓడపై వారములకొలది తల తిరుగుడును, నిద్రలేమిని ఓర్వవలసి యుండును. ఈ మాట ముందే తెలిసికొని అడుగిడుట మేలు.

బాలబాలికలారా! మీలో జాలరి కుటుంబములవారు కలరు. గాలిని, నీటి రంగును చూచి వేటకు బోవు మీ తాతలు ఈ శాస్త్రపు తొలిపాఠము నెరిగినవారే. తక్కిన పాఠములను మీరు చదివితిరేని, వేటకు వెడలిన పడవలు క్షేమముగా తీరము చేరుటకు తోడ్పడినవారగుదురు.