మస్కట్ దుప్పటికి రాత్రి లెక్క

రోజుకో వరుస. ఆ రోజు ఎంత వేడి నమోదైందో చూసి, ఆ వేడికి ముందే అనుకున్న రంగు దారం తీసి, క్రోషియా సూదితో ఒక వరుస అల్లాలి. జనవరి 1న మొదలుపెట్టి డిసెంబరు 31 దాకా మానకుండా అల్లితే 365 వరుసల దుప్పటి తయారవుతుంది. దీన్నే ఉష్ణోగ్రత దుప్పటి అంటున్నారు. నియమం ఒక్కటే: ఏ వేడికి ఏ రంగో ఏడాది మొదట్లోనే తేల్చుకోవాలి, మధ్యలో మార్చకూడదు. రంగు నచ్చలేదని ఆగస్టులో పట్టిక మార్చామా, అప్పటిదాకా అల్లినదంతా వట్టి చారలే.

ఈ నియమం విలువ వాతావరణ శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎల్లీ హైవుడ్, సహోద్యోగి ఇంట పుట్టిన బిడ్డ కోసం ఒక దుప్పటి అల్లారు. అందులో చార రోజుకు కాదు, ఏడాదికి. భూమి సగటు వేడి ఏటేటా ఎలా మారిందో ఆ చారల్లో కనబడుతుంది. 2017లో అది బయటివాళ్ళ కంట పడింది. మరుసటి ఏడు అదే విశ్వవిద్యాలయంలోని ఎడ్ హాకిన్స్ నీలం నుంచి ఎరుపుకు నడిచే చారల బొమ్మలు తయారుచేశారు. ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే బొమ్మలవి. అమెరికాలో 2017లో మొదలైన టెంపెస్ట్రీ ప్రాజెక్టువాళ్ళు ఇంకో పని చేశారు. ఏ ఊరికైనా, ఏ సంవత్సరానికైనా ఒకే రంగుల పట్టిక పెట్టారు. అందుకే ఎవరెక్కడ అల్లినా రెండు ఊళ్ళను, రెండు కాలాలను పక్కపక్కన పరిచి పోల్చుకోవచ్చు.

ఒమన్‌లో ఉంటూ ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు మొదటి చిక్కు పట్టికలోనే ఎదురవుతుంది. మంచు కురిసే దేశాలవాళ్ళు తమ కోసం రాసుకున్న పట్టికల్లో సున్నాకు కింద బోలెడు నీలాలుంటాయి, 35 డిగ్రీలు దాటితే అంతా ఒకటే ఎరుపు. మస్కట్‌లో జనవరి పగళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి, మే, జూన్ పగళ్ళు 40ని తాకుతాయి. ఆ పట్టికతో అల్లితే నీలాల ఉండలు విప్పే పనే ఉండదు, వేసవి మొత్తం ఒకే రంగు ముద్దవుతుంది. సొంత పట్టిక రాసుకోవలసిందే.

ఒమన్ దక్షిణ తీరంలోని సలాలాలో ఉన్నవాళ్ళ అదృష్టం వేరు. మన నైరుతి రుతుపవనమే అక్కడ ఖరీఫ్. ఆ గాలికి అరేబియా సముద్రపు పైనీరు తీరం నుంచి పక్కకు జరిగి, అడుగునున్న చల్లనీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే తేమగాలి ధోఫార్ కొండలకు తగిలి మంచుతెరలా, తుంపరలా దిగుతుంది. మే, జూన్‌లలో 32 దగ్గరున్న పగటి వేడి ఆగస్టుకు 28కి తగ్గి, అక్టోబరుకు మళ్ళీ పైకెక్కుతుంది. అంటే సలాలా దుప్పటిలో ఎండాకాలం రెండుసార్లు వస్తుంది, నడుమ పచ్చటి పట్టీ ఒకటి. గల్ఫ్ అంటే ఒకటే ఎండ అనుకునే బంధువులకు చూపించదగ్గ దుప్పటి అది.

మస్కట్‌లో మాత్రం పగటి వేడిని పక్కన పెట్టి, రాత్రి వేడిని అల్లాలని నా గట్టి అభిప్రాయం. పగటి గరిష్ఠం చూస్తే తీరంలోని మస్కట్, లోపలి ఎడారి రెండూ మండుతూనే కనిపిస్తాయి. తేడా తెలిసేది పొద్దుగూకాకే. ఎడారి గాలి పొడిది, నేల పీల్చిన వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది, తెల్లారేసరికి ఒళ్ళు తేలికపడుతుంది. వేసవిలో తీరంలో సముద్రమే 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, గాలి నిండా తేమ. జూన్‌లో మస్కట్ కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 30 డిగ్రీల పైమాటే. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు.

ఈ రాత్రి వేడికి పరాకాష్ఠ 2018 జూన్ 26న కనబడింది. మస్కట్‌కు ఆగ్నేయంగా తీరంలోనే ఉన్న కురియత్‌లో ఆ రోజు కనిష్ఠమే 42.6 డిగ్రీలు. అప్పటికి ప్రపంచంలో నమోదైన కనిష్ఠాల్లో అంత వేడిది లేదు. అక్కడ కారణం తేమ కాదు, కొండగాలి: అల్ హజర్ కొండల మీది నుంచి కిందికి దిగే గాలి దిగుతూనే వేడెక్కుతుంది, సముద్రపు గాలిని ఒడ్డుకు రానివ్వదు. పగటి లెక్క రాసిన దుప్పటిలో ఆ రాత్రి సంగతి కనబడదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్‌లో నిబంధన ఉంది. అది పగటి కష్టానికి అడ్డు. మర్నాడు ఇనుపచువ్వలు మోయవలసిన మనిషికి రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది దాని పరిధిలోకి రాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వెళ్ళిన మనవాళ్ళు ఎందరో అలాంటి రాత్రుల్లో కార్మికుల గదుల్లోనే పడుకుంటారు. ఏసీ చల్లదనంలో కూర్చుని అల్లేవాళ్ళు ఆ రాత్రి కనిష్ఠాన్ని రోజూ ఒకసారి చూడాలి.

అల్లడం మనకు కొత్త కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరాలుగా సన్నటి సూదితో నూలు లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఆ శ్రమకు ముట్టే కూలి ఎంత తక్కువో చెబుతూ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళలో ఈ విద్య తెలిసినవాళ్ళు తప్పక ఉండే ఉంటారు.

ఒమన్‌కు ఊలు వద్దు, నూలే మేలు. మధ్యరకం నూలు, 4 మిల్లీమీటర్ల సూదితో సింగిల్ కుట్టు వేస్తే వరుస అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ వస్తుంది, 365 వరుసలకు సుమారు 2 మీటర్లు. డబుల్ కుట్టు వేస్తే అందుకు రెట్టింపు దాటి, ఎవరూ కప్పుకోలేని పొడవవుతుంది. లెక్కకు కారులో కనిపించే అంకె పనికిరాదు, అది రోడ్డు వేడిని కూడా కలుపుకుంటుంది. నీడలో, మనిషి ఎత్తున పెట్టిన విమానాశ్రయ వాతావరణ కేంద్రపు థర్మామీటరు లెక్కే తీసుకోవాలి. రాత్రి కనిష్ఠాలకు రెండేసి డిగ్రీలకొక రంగు చొప్పున 14 నుంచి 36 దాకా 11 రంగులు చాలు. పన్నెండోది ఆపైన ఎంతున్నా సరే. రంగు మారిన ప్రతి చోటా మిగిలే కొసల్ని ఆ రోజే కుట్లలోకి దోపేయాలి. డిసెంబరుకని వదిలేస్తే వందల కొసలు పోగుపడతాయి.