మిథ్రిల్ నుంచి వైబ్రేనియం దాకా: మాయా లోహాల వెనక మన ఉక్కు కథ

వైబ్రేనియం అంటే ఏంటో ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి. బ్లాక్ పాంథర్ సూట్ దేంతో చేశారో, కెప్టెన్ అమెరికా డాలు ఎందుకు పగలదో టకటకా చెప్పేస్తారు. అదే పిల్లల్ని కోనసముద్రం గురించి అడగండి. చాలామందికి తెలియదు. పెద్దవాళ్లలోనూ తెలిసినవాళ్లు తక్కువే. కానీ సినిమాల్లో, నవలల్లో కనిపించే మాయా లోహాలకీ, నిజామాబాద్ జిల్లాలోని ఈ ఊరికీ ఒక పోలిక ఉంది. అదేంటో చూద్దాం.

మూడు లోహాలు, ఒకటే లెక్క

ముందు మిథ్రిల్. 1954-55లో వచ్చిన టోల్కీన్ నవల 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'తో ఇది ప్రపంచమంతా తెలిసింది. వెండిలా మెరుస్తుంది, నల్లబడదు. తేలిగ్గా ఉంటుంది గానీ ఉక్కు కన్నా గట్టిది. చొక్కా లోపల వేసుకున్న మిథ్రిల్ కవచమే ఫ్రోడోని ఈటె పోటు నుంచి కాపాడుతుంది.

రెండోది వాలీరియన్ స్టీల్. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్‌కి ఆధారమైన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్లో ఉంటుంది. మొదటి నవల 1996లో వచ్చింది. ఈ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. వాలీరియా నాశనమైపోయాక వీటిని కొత్తగా చేసే విద్య కూడా పోయింది. పాత కత్తిని కాల్చి మళ్లీ మలచగలిగే కమ్మరులు మాత్రం కొద్దిమంది మిగిలారు.

మూడోది వైబ్రేనియం. మార్వెల్ కామిక్స్‌లో 1966లో మొదటిసారి కనిపించింది. దెబ్బ తగిలితే ఆ శక్తిని పీల్చేసుకుంటుంది. 2018లో వచ్చిన 'బ్లాక్ పాంథర్' సినిమాలో వకాండా దేశం మొత్తం దీని మీదే నిలబడి ఉంటుంది.

కామర్స్ చదివిన నాకు వీటిలో ముందు మార్కెట్టే కనిపిస్తుంది. సరుకు దొరికేది ఒక్కచోట. కావాలనుకునేవాళ్లు రాజులు, యోధులు. తయారీ రహస్యం కొందరి చేతుల్లో. ఆ పైన సప్లై ఆగిపోతుంది. టోల్కీన్ కథలో మిథ్రిల్ విలువ ఒకప్పుడు బంగారానికి పది రెట్లు. గనిలో పని ఆగిపోయాక దానికి వెల కట్టడమే కుదరదు.

ఇవన్నీ ఉన్న నిజమైన లోహం

ఈ లక్షణాలన్నీ ఉన్న లోహం చరిత్రలో నిజంగానే ఉంది. దాంతో చేసిన కత్తుల్ని లోకం డమాస్కస్ కత్తులని పిలిచింది. వాటి మీద కూడా అలల్లాంటి గీతలే. 1825లో వాల్టర్ స్కాట్ రాసిన 'ద టాలిస్మాన్' నవలలో సుల్తాన్ సలాహుద్దీన్ పల్చటి పట్టు వస్త్రాన్ని గాల్లోనే కత్తితో తెగ్గొట్టే సీను ఉంది. ఫాంటసీ నవలలు రాకముందే ఆ కత్తి కథల్లోకి ఎక్కేసింది.

పేరు డమాస్కస్‌దే అయినా ముడి ఉక్కు చాలావరకు దక్షిణ భారతం, శ్రీలంక నుంచి వెళ్లేది. అరబ్బీలో మంచి కత్తికి 'ముహన్నద్' అనే మాట ఉంది. హింద్ ఉక్కుతో చేసిందని అర్థం. 9వ శతాబ్దంలో అల్ కిందీ కత్తుల రకాల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 17వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్, ఇలాంటి కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. 1820ల నాటికి కూడా ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వ్యాపారులు ఉక్కు కోసం కోనసముద్రం వచ్చేవారు. దీనికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు 'వూట్జ్'. అది మన 'ఉక్కు' మాట నుంచే పుట్టిందని ఎక్కువమంది పండితులు అంటారు.

మాయ ఎక్కడుంది?

ఊక కలిపిన మట్టితో చిన్న మూసలు చేసేవారు. అందులో ఇనుము ముక్కలు వేసి, మూత పెట్టి, మట్టితో మూసేసి బొగ్గు కొలిమిలో దాదాపు ఒక రోజంతా కాల్చేవారు. తర్వాత నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఇనుములో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం చేరేది. పదును, గట్టిదనం అక్కడి నుంచే వచ్చాయి.

లండన్‌లో 1819లో ఈ ఉక్కుని పరీక్షించినవాళ్లలో మైకేల్ ఫారడే ఒకరు. ఆయన తండ్రి కూడా కమ్మరే. అలల గీతలకి ఇనుములోని వనేడియం లాంటి మూలకాల జాడలు కారణమని అమెరికాలో జాన్ వెర్హోవెన్ బృందం చూపించింది. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలకు ఒక 17వ శతాబ్దపు కత్తిలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయి. ఆ కమ్మరులకు ఈ పేర్లేవీ తెలియవు. వాళ్లకు తెలిసిందల్లా ఏ ఇనుము వాడాలి, ఎంతసేపు కాల్చాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే.

కవచం అంటే మనకు హజ్రత్ దావూద్ అలైహిస్సలాం గుర్తొస్తారు. అది మన ఈమాన్‌కి సంబంధించిన విషయం, కల్పిత కథలతో కలపకూడదు. కానీ ఒకటి గమనించండి. సూరా సబాలో ఆయనకు ఇనుముని మెత్తగా చేసి ఇచ్చిన సంగతితో పాటు, కవచం వలయాల్ని సరైన కొలతతో చేయమన్న ఆజ్ఞ కూడా ఉంది. అంటే అక్కడా చేతిపనికి, కొలతకి విలువ ఉంది.

విద్య ఎలా పోయింది?

వాలీరియా ఒక్క ప్రళయంలో పోయింది. మన ఉక్కు మాత్రం మెల్లమెల్లగా పోయింది. తుపాకులొచ్చి కత్తులకు గిరాకీ తగ్గింది. 1856లో ఇంగ్లండ్‌లో హెన్రీ బెస్సెమర్ కొత్త పద్ధతి తెచ్చాక ఫ్యాక్టరీ ఉక్కు చౌకైపోయింది. మూసల్లో కొంచెం కొంచెంగా చేసే ఉక్కు ఆ ధరతో పోటీ పడలేదు. కొనేవాళ్లు రాకపోతే కొడుక్కి ఆ పని నేర్పే తండ్రి ఎవరుంటారు? కాగితం మీద రాసిపెట్టని విద్య, మనుషులతోపాటే వెళ్లిపోయింది.

కత్తికి డమాస్కస్ పేరు మిగిలింది. పట్టుకున్న సుల్తాన్ పేరు మిగిలింది. మూస పెట్టి రాత్రంతా తిత్తులు ఊదినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. సినిమాల్లో కూడా ఇదే వరస, కవచం వేసుకున్న హీరో పేరే మనకు గుర్తుంటుంది.

అయినా ఆనవాళ్లు పూర్తిగా పోలేదు. 2010లో బెంగళూరులోని నియాస్ సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో సర్వే చేశాయి. ఇనుప చిట్టెం కుప్పలు, పగిలిన మూసలు చాలాచోట్ల కనిపించాయి. మీ ఊరి చెరువు గట్టున, పొలం పక్కన నల్లగా, బరువుగా ఉన్న చిట్టెం రాళ్లు కనిపిస్తే వాటిని రోడ్డుకో, పునాదికో తోలించకండి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. వకాండా ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఈ ఊళ్లు ఎక్కడున్నాయో కూడా తెలియాలి.