పండగ రాజహంసది... పురుడు గూడబాతుది!

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగంటే చాలు, జనం పిల్లాపాపలతో పులికాట్‌కు బారులు తీరతారు. గులాబీ రెక్కల రాజహంసల అందం అలాంటిది మరి! వంకర ముక్కును తలకిందులుగా ముంచి ఉప్పునీటిలోని నాచునీ చిన్నచిన్న జీవుల్నీ వడకట్టుకుని తింటాయవి. గూడు కట్టడానికి మాత్రం గుజరాత్‌లోని కచ్ ఉప్పుభూముల్లాంటి చోట్లకు వెళ్లిపోతాయి.

పక్కనే నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడు కట్టి పిల్లల్ని పెంచేది పెలికాన్... అదే, మన గూడబాతు. చేపల కోసం పులికాట్‌దాకా వెళ్లొస్తుంది. పిల్లలేమో తల్లి గొంతు సంచీలో తల దూర్చి మరీ తింటాయి! రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు మంచి ఎరువని ఊరివాళ్లు వాటి జోలికి పోరు.

ఐయూసీఎన్ జాబితాలో పెద్ద రాజహంసకు ముప్పు లేదు. దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే ఉండే గూడబాతును మాత్రం 2017 అంచనాలో 'ముప్పుకు చేరువలో' ఉన్నట్టు చూపారు. ఉత్తినే కాదు. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో కె.కె.నీలకంఠన్ గుర్తించిన గూడబాతుల పెద్ద స్థావరం 1970ల నాటికి ఖాళీ అయిపోయింది. నేలపట్టులోనూ వానలు ముఖం చాటేసి చెరువు ఎండిన ఏడు గూళ్లు తగ్గిపోతాయి.