అడుగు లేని బొమ్మ

ఇదివరలో వ్యాపారి మన గుమ్మములోనికి వచ్చి, చద్దరును రెండు వేళ్ళతో నలిపి చూచి బేరమాడెడివాడు. ఇప్పుడు ముందుగా అతని ఫోనుకు బొమ్మ చేరవలెను. బొమ్మ నచ్చిన పిమ్మటనే బట్ట సంగతి. పడుగును, పేకను ఎంత శ్రద్ధగా చూచుకొందుమో, బొమ్మను కూడా అంత శ్రద్ధగా చూచుకొనవలసిన కాలము వచ్చినది. అందుచేత ఈ సంచికలో ఒక్క పనిని గురించి మన నీలం నగర్ కుటుంబాలకు మనవి చేయుచున్నాము. అది బొమ్మ వెనుకనున్న అడుగును తీసివేయుట.

ముందు మా తప్పు చెప్పుకొందుము. చద్దర్ల కట్టలకు అంటించు లేబులుకు నెమలి బొమ్మ కావలసివచ్చినది. ఇంటర్నెట్టులో వెదకగా, బూడిద తెలుపు గళ్ళ మీద నిలుచున్న చక్కని నెమలి దొరికినది. గళ్ళున్నచో అడుగు లేనట్లేయని ఎవరో చెప్పగా విని, అచ్చుకు పంపితిమి. ప్రూఫులో గళ్ళు కనబడినవి. అచ్చులో అవే పోవునని తలచి సంతకము పెట్టితిమి. ఎర్రని లేబులు మీద నెమలితో పాటు గళ్ళు కూడా పొందికగా అచ్చుపడి వచ్చినవి! రెండు వేల లేబుళ్ళు అటక ఎక్కినవి. ఆ ఖర్చు సభ్యుల సొమ్ము. "నేతవాడికి గళ్ళు తెలియలేదా?" అని పెద్దలు అడిగినప్పుడు మాకు జవాబు లేకపోయినది.

కంప్యూటరు నేర్చిన మన వీధి అమ్మాయి ఒకతె అసలు సంగతి విడమరచి చెప్పినది. బొమ్మలోని ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అని మూడు అంకెలుండును. అడుగు తీసిన బొమ్మలో నాలుగవ అంకె కూడా ఉండును. అది సున్న అయినచో ఆ చుక్క అసలు కనబడదు. 255 అయినచో నిండుగా కనబడును. నడిమి అంకెలకు, పలుచని మల్లు గుడ్డ చాటున ఉన్నట్లు, కింది రంగు కొంత తొంగిచూచును. ఈ నాలుగవ అంకెకు ఆల్ఫా అని పేరు. 1977 ప్రాంతమున న్యూయార్కులో పనిచేయుచున్న ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు దీనిని రూపొందించిరి.

కంప్యూటరు తెర మీది గళ్ళు "ఇచ్చట ఏమియు లేదు" అని తెలుపు గుర్తు మాత్రమే. అవి బొమ్మలోనివి కావు. కాని ఇంటర్నెట్టులో ఆ గళ్ళనే రంగుగా కలిపివేసిన బొమ్మలు కూడా తిరుగుచున్నవి. మాకు దొరికిన నెమలి అటువంటిదే. దీనిని కనుగొనుట సులభము. బొమ్మను ముదురు ఎరుపు పుట మీద పెట్టి చూడవలెను. గళ్ళు మాయమైనచో మంచిది; నిలిచినచో ఆ బొమ్మ మనకు పనికిరాదు.

బొమ్మను భద్రపరచు రకము కూడా ముఖ్యమే. జేపెగ్‌లో నాలుగవ అంకెకు చోటు లేదు. అందులో భద్రపరచినచో తీసిన అడుగు సాధారణముగా తెల్లగా తిరిగివచ్చును. జిఫ్‌లో చుక్క ఉన్నచో నిండుగా ఉండును, లేనిచో పూర్తిగా పోవును. నడిమి స్థితి లేదు. 1996లో వెలువడిన పీఎన్‌జీలో అన్ని మెట్లును ఉన్నవి. అయితే పేరు చివర పీఎన్‌జీ అని ఉన్నంత మాత్రమున అడుగు పోయినదని నమ్మరాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో అది జేపెగ్‌గా మారి అడుగు తిరిగివచ్చును కనుక, డాక్యుమెంటుగా పంపవలెను.

అంచులను పెద్దది చేసి చూచుట మరువరాదు. తెల్ల కాగితము మీద నుండి కత్తిరించిన బొమ్మకు చుట్టూ సన్నని తెల్ల గీత మిగులును. తెల్ల పుట మీద అది కనబడదు; ముదురు రంగు మీద పెట్టగానే పొట్టు తీయని గింజవలె తేలును. మన తువ్వాళ్ళ ఫోటోలకు మరియొక చిక్కు ఉన్నది. కంప్యూటరు అడుగును తీయునప్పుడు అంచున లేచిన లూపులను, చద్దరు కుచ్చులను కూడా కోసివేయును. తెల్ల తువ్వాలును తెల్ల గోడ ముందు పెట్టి ఫోటో తీసినచో యంత్రమునకు ఏది బట్టయో, ఏది గోడయో తెలియదు. వేరు రంగు దుప్పటి పరచి, పగటి వెలుగులో తీసినచో సగము పని అప్పుడే తీరును.

ఇక మగ్గము సంగతి. లేబులు మీద సగము కనబడు నీడ అచ్చుపడును గాని, జాకార్డుకు సగము అనునది తెలియదు. 1804 నాటి జాకార్డు అట్టలలో చిల్లు ఉండుటయో, లేకపోవుటయో. పడుగు పోగు లేచుటయో, లేవకపోవుటయో. ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టలు పోయినవి గాని సూత్రము మారలేదు. కనుక బొమ్మ అంచున ఉన్న పొగవంటి మెత్తని చుక్కలను గ్రాఫు మీదికి తెచ్చునప్పుడు, ఒక్కొక్కటి బుటాదో, అడుగుదో మనమే తీర్పు చెప్పవలెను. యంత్రమునకు వదలినచో బుటా అంచు ఎలుక కొరికినట్లు వచ్చును. నీడ కావలసినచో నేతలోనే, పడుగు ఎక్కువ తేలు చోటు, పేక ఎక్కువ తేలు చోటు మార్చి చూపవలెను. ఇది మన పెద్దలకు చేతనైన విద్యయే.

చివరగా హక్కుల మాట. స్టాకు సంస్థల నుండి తెచ్చు బొమ్మలకు షరతులుండును. అమ్మకపు సరుకు మీద వేయుటకు చాలా సంస్థలు వేరు లైసెన్సు అడుగును. ట్రేడు మార్కుగా వాడనీయవు. అడుగు తీసినంత మాత్రమున బొమ్మ మనది కాదు. సోలాపూర్ చద్దరుకు, సోలాపూర్ టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఆ పేరుగల సరుకు మీద ఊరూరా దొరకు నెమలిని అతికించుట మనకు గౌరవమేనా?

మన ఇండ్లలో ట్రంకు పెట్టెల అడుగున తాత తండ్రులు గీసిన గ్రాఫు కాగితములు ఉన్నవి. చెదలు తినకముందే వాటిని స్కాను చేసి, కాగితపు తెలుపును, గ్రాఫు గీతలను తీసివేసినచో, ఏ రంగు మీదనైనను వేసుకొనదగిన మన సొంత బొమ్మలు మనకుండును. సంఘము కార్యాలయములో స్కానరు ఉన్నది. కాగితములు తెచ్చినవారికి వారి ఎదుటనే స్కాను చేసి, అసలు ప్రతిని వెంటనే చేతికి ఇచ్చెదము.

ఇకమీదట ఏ లేబులునైనను ముదురు రంగు మీద ఒక్క ప్రతి తీసి, ఇద్దరు సభ్యులు చూచిన పిమ్మటనే అచ్చుకు పంపుటకు నిర్ణయించితిమి. ఆ రెండు వేల లేబుళ్ళలో ఒకటి మా బల్ల మీద అద్దము కింద పెట్టుకొంటిమి. కార్యాలయమునకు వచ్చువారు చూడవచ్చును.