ఆటిజం ఉన్న పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ: ఎలా ఉండాలి, ఎక్కడ దొరుకుతుంది, ఏ కాగితాలు కావాలి

మీ బిడ్డకు ఆటిజం అని డాక్టరు చీటీ మీద రాశారా? పక్కనే "ఓటీ" అని కూడా రాసి ఉంటారు. అది ఆపరేషన్ థియేటర్ కాదు, కంగారు పడకండి. ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, ఆడుకోవడం, బడిలో కూర్చోవడం లాంటి రోజువారీ పనులు బిడ్డ తనకు వీలైన పద్ధతిలో చేసుకునేలా సాయం చేసే థెరపీ.

ముందుగా ఒక మాట. ఆటిజం మీ పెంపకంలో లోపం వల్ల వచ్చింది కాదు, టీకాల వల్ల వచ్చిందీ కాదు. ఆ బిడ్డ మెదడు పనిచేసే తీరే వేరు. అందుకే "ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తాం" అని చెప్పే సెంటరుకు అప్పు చేసి డబ్బు కట్టకండి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు కూడా ఆటిజానికి ఆమోదం ఉన్న చికిత్స కాదు.

మంచి థెరపీ ఎలా ఉంటుంది?

కొన్నిచోట్ల ఇప్పటికీ పాత పద్ధతే నడుస్తోంది. బిడ్డ చేతులు ఊపితే పట్టుకుని ఆపడం, గడ్డం పట్టుకుని "నా కళ్లలోకి చూడు" అనడం, చెప్పినట్టు చేస్తేనే బిస్కెట్ ఇవ్వడం. పైకి బిడ్డ బుద్ధిగా మారినట్టే కనిపిస్తాడు. కానీ చాలామంది పిల్లలకు చేతులు ఊపడం మనసు కుదుటపరచుకునే దారి. కళ్లలోకి చూడమని బలవంతం చేస్తే చూడటానికే శక్తంతా పోతుంది, మీరు చెప్పేది చెవికెక్కదు. సెంటరులో అణచుకున్నదంతా ఇంటికొచ్చాక ఏడుపుగా బయటపడుతుంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లే తమ చిన్నతనం గురించి ఈ మాట చెబుతున్నారు.

ఇప్పుడు మంచి థెరపిస్టులు బిడ్డను మామూలు పిల్లల్లా కనిపించేలా చేయాలని చూడరు. బిడ్డకు ఎక్కడ కష్టమవుతోందో చూస్తారు. ఉదాహరణకు జుట్టు కత్తిరించడం తీసుకోండి. నలుగురు పట్టుకుంటే తప్ప పని జరగని ఇళ్లు ఎన్నో. థెరపిస్టు ముందు మిమ్మల్ని అడగాల్సినవి ఇవి: మిషన్ చప్పుడు పడటం లేదా? మెడ మీద వెంట్రుకలు పడితే గుచ్చుకుంటోందా? మెడకు కట్టే గుడ్డ బిగుతుగా ఉందా? కారణం దొరికితే పని సగం అయినట్టే. మిషన్ బదులు కత్తెర, షాపు బదులు ఇల్లు, కొత్త గుడ్డ బదులు అలవాటైన పాత చొక్కా. ఈ రోజు ఒక పక్క, రేపు రెండో పక్క. రెండు రోజులు వంకరగా ఉంటే ఉండనివ్వండి, చుట్టాలు ఏమనుకుంటే మనకేం.

కుక్కర్ విజిల్‌కి, గుడి మైకుకి చెవులు మూసుకునే బిడ్డకు ముందే చెప్పడం, చెవులకు పెట్టుకునే మఫ్స్ ఇవ్వడం పనిచేస్తాయి. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని బిడ్డ నోట్లో కుక్కకండి. కొత్త కూర పళ్లెంలో పక్కన పెట్టండి, తినమని అడగకండి. బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టరుకి చూపించాలి. మాటలు రాని బిడ్డకు బొమ్మల కార్డులు, ఫోన్‌లో బొమ్మల యాప్ వాడితే మాటలు రాకుండా పోతాయనే భయం వద్దు, అలా జరగదు.

తల గోడకేసి కొట్టుకోవడం, చేయి కొరుక్కోవడం వేరే సంగతి. దెబ్బ తగలకుండా చూసి, కారణం వెతకాలి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం ఉన్నా మాటలు రాని పిల్లలు అలా చేస్తారు. ముందు డాక్టరు, తర్వాత థెరపీ.

సెంటరులో చేర్చే ముందు చూడండి: మిమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? బిడ్డ ఏడిస్తే ఆపుతారా? ఇంట్లో మీకు ఏది కష్టంగా ఉందని అడిగారా? తలుపు వేసి "మీరు బయట ఉండండి" అంటే, ఎందుకని గట్టిగా అడగండి. అది మీ హక్కు.

ఉచితంగా ఎక్కడ?

ఆర్‌బీఎస్‌కే అనే కేంద్ర కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలోనూ ప్రభుత్వ బడిలోనూ పరీక్షలు చేస్తారు. అవసరమైన వాళ్లను డైక్ సెంటరుకి పంపుతారు. బడి వయసు పిల్లలకు సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. థెరపిస్టు ఏ రోజు వస్తారో అక్కడి ఐఈఆర్‌పీ టీచరుని అడిగాకే వెళ్లండి, లేకపోతే ఆ రోజు కూలి, ఆటో ఖర్చు రెండూ పోతాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా ఉంది.

కాగితాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం లేదా ఆపైన సర్టిఫికెట్ వస్తే చాలా పథకాలకు దారి తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా దివ్యాంగ పింఛను నెలకు 6,000 రూపాయలు. మిగతా అర్హతల సంగతి సచివాలయంలో కనుక్కోండి. యూడీఐడీ కార్డుకు కూడా దరఖాస్తు చేయండి, అది దేశమంతా చెల్లుతుంది.

ప్రైవేటులో థెరపీ చేయిస్తుంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా తీసుకోండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ, అందులో థెరపీకి విడిగా పరిమితి ఉంటుంది. ముందు మీరు కట్టి, తర్వాత బిల్లులు పంపి తెచ్చుకోవాలి. కాబట్టి డాక్టరు చీటీ, సంతకం, సీలు ఉన్న బిల్లులు నెలనెలా దాచండి. ఏటా రెన్యువల్ మర్చిపోవద్దు.

సదరం క్యాంపు రోజు గురించి ముఖ్యంగా. అక్కడ జనం, చప్పుడు, ఎదురుచూపు. కొందరు పిల్లలు బెదిరిపోతారు, కొందరు ఆ పది నిమిషాలూ నిశ్శబ్దంగా కూర్చుంటారు. "బాగానే ఉన్నాడు కదమ్మా" అనిపించుకుని వెనక్కి వచ్చిన తల్లులు ఉన్నారు. అందుకే ఇంట్లో బిడ్డ ఎలా ఉంటాడో రెండు మూడు చిన్న వీడియోలు ముందే ఫోన్‌లో తీసి పెట్టుకోండి. భవిత టీచరు, థెరపిస్టు రాసిచ్చిన కాగితం ఉంటే తీసుకెళ్లండి. బిడ్డకు అలవాటైన తిండి, ఇష్టమైన వస్తువు సంచిలో వేసుకోండి. లోపలికి వెళ్లగానే నర్సుకి విషయం చెప్పి, త్వరగా పిలవమని అడగండి. సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ అక్కడే సరిచూసుకోండి.