హద్దుల వెంట విద్యుత్తు

పదార్థములను వాహకములనియు బంధకములనియు రెండు తెగలుగా విభజించుట పాఠశాలలో మనకందఱకును అలవాటైన పద్ధతి; కాని ఒకే స్ఫటికము తన దేహమంతటను బంధకమై యుండియు, తనలోని కొన్ని సన్నని తలముల వెంట మాత్రము విద్యుత్తునకు దారి యిచ్చుననియు, ఆ దారులను కోరినచోట కల్పించి కోరినపుడు చెఱిపివేయ వచ్చుననియు ఇటీవలి పరిశోధనలు నిరూపించినవి.

ఇట్టివి ఫెర్రోఎలెక్ట్రిక్ స్ఫటికములు. 1920లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జోసెఫ్ వాలసెక్ రోషెల్ లవణమునందు కనుగొనిన ఫెర్రోఎలెక్ట్రిక్ ధర్మమును బేరియం టైటనేటున సులభముగా గ్రహింపవచ్చును. సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువన అందలి టైటానియం అయాను, తన్నావరించిన ఆక్సిజను అయానుల నడిబొడ్డున నిలువక ఒక ప్రక్కకు ఒరుగును. ధన ఋణావేశముల కేంద్రములు ఇట్లు ఎడబాయుటచే స్ఫటికమునకు ఒక దిశగల ధ్రువణము సిద్ధించును. వెలుపలి విద్యుత్ క్షేత్రముచే ఆ దిశను త్రిప్పవచ్చును. క్షేత్రము తొలగినను త్రిప్పినది త్రిప్పినట్లే నిలుచును.

అయితే ధ్రువణము స్ఫటికమంతటను ఒకే దిశకు తిరిగియుండదు. ఒక్కొక్క దిశకు తిరిగిన భాగమునకు డొమైనని పేరు. రెండు డొమైనులు కలియు కొద్ది నానోమీటర్ల పరివర్తన ప్రదేశమే డొమైను గోడ. రెండు చేల నడిమి గట్టు హద్దుగా నుండియే బాటసారికి తోవయైనట్లు, ఈ గోడయు హద్దుగా నుండియే ఎలక్ట్రానులకు తోవయగును. ఎట్లన, ఇరువైపుల ధ్రువణములును ఎదురెదురుగా వచ్చి గోడకడ తాకొనినపుడు అచ్చట ధనావేశము పోగుపడును. దానిని శమింపజేయుటకు చేరిన ఎలక్ట్రానులు అతి పలుచని వాహకపు పొరగా ఏర్పడును. ఈ సంగతిని సోవియట్ శాస్త్రజ్ఞులు వూల్, గురో, ఇవాంచిక్ 1973లోనే సిద్ధాంతరీత్యా ఊహించిరి. కాని దానిని సరిచూచుటకు, నానోమీటర్ల మొనగల సూదితో ఉపరితలమును తడవిచూచు సూక్ష్మదర్శినులు పుట్టవలసి వచ్చెను.

2009లో బర్క్‌లీ యందు జాన్ సైడెల్, బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థలో లోహశాస్త్రము చదివిన రామమూర్తి రమేష్, వారి సహచరులు బిస్మత్ ఫెర్రైటు పలుచని పొరలలో, గది ఉష్ణోగ్రతయందే, ఈ ప్రవాహమును కనుగొనిరి. విచిత్రమేమన, ధ్రువణము 109 డిగ్రీలు, 180 డిగ్రీలు తిరుగు గోడలు విద్యుత్తును ప్రసరింపజేసినవి. 71 డిగ్రీల గోడలు మొండికెత్తినవి. ప్రసరింపజేసిన ఆ గోడలు ధ్రువణములు ఎదురెదురుగా తాకొనునవి కావు గనుక, ఇచ్చట వాహకతకు మూలము గోడలోని పరమాణు నిర్మాణపు మార్పేయని వారు తలంచిరి. 2013లో స్విట్జర్లాండులోని లోజాన్ పరిశోధకులు, బేరియం టైటనేటునందలి ఎదురెదురు గోడలలో, చుట్టునున్న స్ఫటికముకంటె కోట్లాది రెట్లు అధికమైన వాహకతను చూపి, పాత ఊహను సార్థకము చేసిరి.

సిలికాన్ చిప్పులోని తీగలు కర్మాగారమున ఎట్లు ముద్రితమైనవో తుదివఱకు అట్లే యుండును. ఈ గోడనైతే కొద్దిపాటి వోల్టేజితో పుట్టింపవచ్చును, జరుపవచ్చును, మాపవచ్చును. అనగా పరికరపు అమరికయే మాఱును. 2017లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, గోడ యుండుటను లేకుండుటను 1, 0లుగా చదువు స్మృతి పరికరపు నమూనాను నిర్మించిరి. వాడుకలోనున్న ఫెర్రోఎలెక్ట్రిక్ స్మృతులలో చదువుటయే వ్రాతను చెఱుపును గనుక మరల వ్రాయవలసియుండును; ఇందు ఆ బెడద లేదు.

ఇబ్బందులు లేకపోలేదు. ప్రవాహము స్వల్పము, స్ఫటికలోపములు గోడను అడ్డగించును, చదువునపుడే గోడ జరుగు ప్రమాదమును కలదు. కనుక నా మతమున, సిలికానును ఇది త్రోసిపుచ్చునను మాట తొందరపాటు. శక్తి తీసివేసినను చెదరని స్మృతులయందు మాత్రము దీనికి చోటు దొరకుననుటకు తగిన ఆధారములు ఇప్పటికే యున్నవి.